ఎనిమిదో హెన్రీ దగ్గరే ఎందుకు ఆగిపోతున్నారు? ఇంటి చదువులో బ్రిటిష్ చరిత్ర: అపోహలు, వాస్తవాలు

"ఇయర్ 8 సగమైపోయింది, మేమింకా ఎనిమిదో హెన్రీ పెళ్ళిళ్ళ దగ్గరే ఉన్నామండీ. మిగతా ఐదొందల ఏళ్ళు ఎప్పుడు చెప్పాలి?" ఇంగ్లండ్‌లో పిల్లల్ని ఇంట్లో చదివించుకుంటున్న తెలుగు తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే. ఒక్కోసారి హెన్రీ బదులు 1066లో ఇంగ్లండ్‌ని జయించిన నార్మన్ విలియం ఉంటాడు. ఆ గొంతులో కంగారు నిజమైనదే. దాన్ని పెంచి పోషిస్తున్న వాట్సాప్ పుకార్ల మీదే నా కోపమంతా.

అపోహ: 1066 నుంచి నేటిదాకా ఏదీ వదలకుండా చెప్పాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తాను. 2014 నుంచి బడుల్లో అమలవుతున్న నేషనల్ కరికులమ్‌లో (ప్రభుత్వ పాఠ్యప్రణాళిక) కీ స్టేజ్ 3, అంటే ఇయర్ 7 నుంచి 9 దాకా, చరిత్ర కొద్ది పేజీలే. 1066–1509, 1509–1745, 1745–1901, 1901 తర్వాత అని నాలుగు కాలాలుంటాయి. వాటికి తోడు ఒక స్థానిక చరిత్ర, 1066కి ముందు కాలంతో కలిపే ఒక అంశం, ఒక ప్రపంచ చరిత్ర అంశం. ఒక్కో కాలం కింద పొడుగాటి జాబితా కనిపిస్తుంది. చాలామంది దాన్ని సిలబస్ అనుకుని బెంబేలెత్తిపోతారు. నిజానికి ఆ జాబితాలో ఉన్నవి ఉదాహరణలు, తప్పనిసరి కావు. పేరు పెట్టి తప్పనిసరి చేసింది హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల మారణహోమం) ఒక్కదాన్నే. అదీ బడులకి. ఇంటి చదువు ఈ కరికులమ్‌ని అనుసరించాల్సిన పనే లేదు. 1996 విద్యా చట్టం సెక్షన్ 7 అడిగేది పిల్లల వయసుకీ సామర్థ్యానికీ ప్రత్యేక అవసరాలకీ తగిన పూర్తికాలపు చదువు.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాదికి 36 వారాలు, వారానికి రెండు గంటలు, మూడేళ్ళకి 216 గంటలు. జ్వరాలు, ఇండియా ప్రయాణాలు, చుట్టాలు తీసేస్తే చేతికి దక్కేవి 180. 1066 నుంచి 960 ఏళ్ళు. అంటే గంటకి ఐదేళ్ళ పైచిలుకు. అన్నీ చెప్పాలని కూర్చుంటే ఏదీ నిలవదు, అప్పగింత పాఠాలే మిగులుతాయి. పైగా మొదట్లో ఉత్సాహం ఎక్కువ కాబట్టి నార్మన్లకీ ట్యూడర్లకీ (ఎనిమిదో హెన్రీ వంశం) గంటలన్నీ ధారపోసి, ఇయర్ 9లో ఫ్యాక్టరీలు, సామ్రాజ్యం, ఓటు హక్కు, రెండు ప్రపంచ యుద్ధాలు ఒక్క టర్మ్‌లో కుక్కుతారు. పిల్లలకి ఈనాటి ప్రపంచం అర్థం కావడానికి పనికొచ్చేవి అవే మరి.

నడిచే పద్ధతి ఇది. మూడేళ్ళకి 18 ప్రశ్నలు, ఒక్కోటి 8 గంటలు, మొత్తం 144. మిగిలిన 36 గంటల్ని ప్రశ్నకి రెండు చొప్పున వంతెన పాఠాలకి పెట్టండి: ఒక ప్రశ్న ముగిసిన చోటు నుంచి తర్వాతది మొదలయ్యేదాకా ఏం జరిగిందో కథలా చెప్పేయడానికి. మధ్యయుగానికి 5, 1509–1745కి 4, 1745–1901కి 5, తర్వాతి కాలానికి 4. స్థానిక చరిత్రని వీటిలోనే ఏదో ఒకదానికి కలపొచ్చు. ఒక కాలానికి కేటాయించిన గంటలు అయిపోతే అక్కడితో ఆపి వంతెన వేసి ముందుకెళ్ళండి. ఆపడమే కష్టం, తెలుసు.

ప్రశ్న బాగుంటే సగం పని అయినట్టే. "1381 రైతుల తిరుగుబాటు ఎందుకు వచ్చింది?" అని అడిగితే పిల్లలు కారణాల జాబితా ఎక్కించేస్తారు. "1381 తిరుగుబాటు ఓడిపోయిందా?" అనండి, ఇటూ వాదించొచ్చు, అటూ వాదించొచ్చు. దీన్ని ఎనిమిది గంటలకి ఇలా పరుస్తాను.

మొదటి గంట మ్యాపు. 1348 వేసవిలో డోర్సెట్ తీరంలో మెల్కంబ్ రేవు దగ్గర దిగిన ప్లేగు ఎటు పాకిందో గీయాలి. జనంలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని చరిత్రకారుల అంచనా. రెండో గంట విలన్‌ల బతుకు. సినిమా విలన్ కాదు, భూస్వామి పొలంలో కూలి లేకుండా పనిచేస్తూ, ఆయన అనుమతి లేకుండా ఊరు దాటలేని రైతు. "వెట్టి" అనండి, తెలంగాణ తాతయ్య ఉన్న ఇంట్లో ఇంకో వివరణ అక్కర్లేదు. మూడో గంట కూలీల కరువు. మనుషులు తక్కువైతే కూలి పెరగాలి కదా, 1351 చట్టం కూలి రేట్లని ప్లేగుకి ముందటి స్థాయిలోనే కట్టేసింది.

నాలుగో గంట పన్ను, ఇది లెక్కల పాఠంలా చేయండి. తలపన్ను 1377లో మనిషికి 4 పెన్నీలు, 1379లో హోదాని బట్టి, 1380 చివర్లో వేసిన మూడోది 12 పెన్నీలు. భార్యాభర్తలు, పదహారేళ్ళ కొడుకు ఉన్న ఇంటికి 36 పెన్నీలు, అంటే 3 షిల్లింగులు. ఐదో గంట తేదీల వారీ కథ: మే 30న ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్‌లో తిరుగుబాటు మొదలు, జూన్ 13న లండన్ ప్రవేశం, 14న మైల్ ఎండ్‌లో రాజు హామీలు, 15న స్మిత్‌ఫీల్డ్‌లో తిరుగుబాటు నాయకుడు వాట్ టైలర్ హత్య. రాజు రెండో రిచర్డ్‌కి అప్పటికి 14 ఏళ్ళు. ఈ ఒక్క మాటకి పిల్లలు లేచి కూర్చుంటారు.

ఆరో గంట సోర్సు, అంటే ఆ కాలంవాళ్ళే రాసిపెట్టినది. వందలోపు మాటల ముక్క, ఆధునిక ఇంగ్లీషులోకి మార్చినది చాలు. తిరుగుబాటు గురించి థామస్ వాల్సింగ్‌హామ్ రాసింది తీసుకోండి. ఆయన సెయింట్ ఆల్బన్స్ మఠంలో సన్యాసి, ఆ మఠం మీదికే ఊరి జనం తిరగబడ్డారు. ఇక్కడ పిల్లలు "బయాస్ ఉంది, కాబట్టి పనికిరాదు" అని తేల్చేస్తారు. ఒప్పుకోకండి. ఆ ద్వేషమే సాక్ష్యం: మఠం ఎంత భయపడిందో అది చెప్తుంది. ఏడో గంట తర్వాతి సంగతి: జులైలో రాజు హామీలన్నీ రద్దు చేశాడు, అయినా తర్వాతి వందేళ్ళలో ఆ వెట్టి కరిగిపోయింది. తిరుగుబాటు వల్లనా, కూలీల కరువు వల్లనా? ఎనిమిదో గంట 300 మాటల జవాబు. ప్రతి పేరాలో ఒక తేదీ, ఒక "ఎందుకంటే" ఉండాలి.

తరచూ జరిగే తప్పు: ప్లేగు వచ్చింది, వెంటనే రైతులు తిరగబడ్డారు అని రాసేయడం. మధ్యలో 33 ఏళ్ళున్నాయి. దానికి మందు గోడ మీది టైమ్‌లైన్. లైనింగ్ పేపర్ చుట్ట తెచ్చి ఒక సెంటీమీటరుకి ఐదేళ్ళు పెట్టండి, 1066 నుంచి నేటిదాకా 192 సెంటీమీటర్లు వస్తుంది. రాజుకో గడి చొప్పున గీయొద్దు. గడులైతే ట్యూడర్లు గోడంతా ఆక్రమిస్తారు, కొలత ప్రకారం వాళ్ళ 118 ఏళ్ళకి దక్కేది 24 సెంటీమీటర్లే.

అపోహ: బ్రిటిష్ చరిత్ర అంటే ఇంగ్లండ్ రాజుల చరిత్ర.

1066లో బ్రిటన్ అనే రాజ్యమే లేదు. 1284లో వేల్స్ మీద ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ చట్టం, 1314లో బానక్‌బర్న్‌లో స్కాట్‌ల గెలుపు, 1603లో ఇంగ్లండ్, స్కాట్లండ్ కిరీటాలు రెండూ ఒకే తల మీద, 1707లో ఒకే పార్లమెంటు, 1801లో ఐర్లండ్ కలయిక. ఈ ఐదింటినీ టైమ్‌లైన్ మీద వేరే రంగులో పెడితే చాలు.

అపోహ: ఇందులో మనవాళ్ళ ఊసే ఉండదు.

ఉంటుంది, మీరు పెడితే. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం చేరింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఇంగ్లండ్‌లో ఎంత మోజు రేపాయంటే, ఉన్ని, పట్టు నేతగాళ్ళ గోల భరించలేక పార్లమెంటు 1700లో, మళ్ళీ 1721లో వాటిని నిషేధించే చట్టాలు చేసింది. మాంచెస్టర్ మిల్లుల పాఠానికి ముందు ఇది చెప్పి, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఆ చింట్జ్ బట్టలు చూపించండి. మిల్లుల కథ ఆవిరియంత్రంతోనే మొదలవలేదని వాళ్ళకే తడుతుంది. సర్రేలో ఉంటే స్థానిక చరిత్రకి డోర్కింగ్ ఉంది: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ చివరి రోజులు అక్కడే గడిచాయి, 1899లో అక్కడే పోయాడు.

సామ్రాజ్యాన్ని పొగడాలా తిట్టాలా అని అడుగుతారు. రెండూ వద్దు, కాగితాలు ముందు పెట్టండి. 1833 చట్టంతో బానిసత్వం రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకి ఇచ్చారు, బానిసలకి కాదు. యూసీఎల్ (లండన్‌లోని విశ్వవిద్యాలయం) వాళ్ళ డేటాబేస్‌లో ఆ పరిహారం ఎవరెవరికి అందిందో ఉచితంగా వెతకొచ్చు. మీ ఊరి పేరు కొట్టి చూడండి.

ఇంకొన్ని, గబగబా. "మా వాడు ఏ లెవెల్‌లో ఉన్నాడు?" చదువు స్థాయికి అంకెలిచ్చే ఆ లెవెల్స్ 2014 కరికులమ్‌తోనే పోయాయి. "కీ స్టేజ్ 3 చివర పరీక్ష ఉంటుందట." లేదు. పాత సాట్స్ అనే జాతీయ పరీక్షల్లోనూ చరిత్ర ఎప్పుడూ లేదు, 2008లో అవీ రద్దయ్యాయి. "ఇదంతా పూర్తికాకపోతే జీసీఎస్ఈ రాయలేరు." పదహారేళ్ళకి రాసే జీసీఎస్ఈ పరీక్ష అంశాలు మొదటి నుంచీ చెప్తారు. ముందే రావాల్సింది సోర్సు చదవడం, కారణం రాయడం. ఎడెక్సెల్ అనే పరీక్షల బోర్డు ఇంటర్నేషనల్ జీసీఎస్ఈలో కోర్స్‌వర్క్ లేదు, రెండు పేపర్లే, కాబట్టి ప్రైవేటుగా రాసేవాళ్ళకి అనువు. పరీక్ష కేంద్రం మాత్రం మీరే వెతుక్కోవాలి, అదీ ముందుగా.

ఇంటి చదువు ఎలా సాగుతోందని స్థానిక కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే కాళ్ళు వణకక్కర్లేదు, అలాగని పక్కన పడేయనూ కూడదు. చరిత్ర వరకు ఒక పేజీ చాలు: ఆ ఏడాది తీసుకున్న ఆరు ప్రశ్నలు, వాడిన పుస్తకాలు, చూసిన చోట్లు, పిల్లల రాత నమూనాలు రెండు, ఒకటి సెప్టెంబరుది, ఒకటి జూన్‌ది. ఆ నమూనాల్ని శుభ్రంగా తిరగరాయించకండి. కొట్టివేతలు, మీ దిద్దుబాట్లు అలాగే ఉండనివ్వండి.