వేసవి సెలవులు టీచర్లకు ఊరికే వచ్చినవి కావు

ఏప్రిల్ 23 సాయంత్రం బడికి తాళం పడితే మళ్లీ తెరిచేది జూన్ 12నే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కొన్నేళ్లుగా ఇదే వరస. ఆ ఏడు వారాలూ టీచర్ల చెవిన పడే మాట కూడా పాతదే: "మీకేం మాస్టారూ, ఇంట్లో కూర్చున్నా జీతం పడుతుంది." ఇతర శాఖల ఉద్యోగులు కూడా ఈ మాట అనడమే విడ్డూరం. సర్వీసు నిబంధనలు చదివినవాళ్లకు అసలు లెక్క తెలిసే ఉండాలి.

వీధిబడుల కాలంలో పున్నమి, అమావాస్యలకు, పండగలకు ఆటవిడుపు ఉండేది. దసరా సెలవులైతే పంతులుకు పనిరోజుల కిందే లెక్క. పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇల్లిల్లూ తిరిగేవాడు. పిల్లలకు పప్పుబెల్లాలు, ఆయనకు కట్నం దక్కేవి.

నెలజీతం వచ్చాక బేరం మారింది. 1922 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లో, అంటే ప్రభుత్వోద్యోగుల మూల సర్వీసు నిబంధనల్లో, 82వ రూలు 'వెకేషన్ డిపార్ట్‌మెంట్ల' (బడుల్లా ఏటా దీర్ఘ సెలవులుండే శాఖల) సంగతి తేల్చింది. సెలవుల కాలం డ్యూటీ కిందికే వస్తుంది. బదులుగా, వెకేషన్ వాడుకున్న ప్రతి ఏడాదికీ ఉద్యోగికి రావలసిన లీవులో ఒక నెల కోత.

ఆ కోత ఇప్పటికీ ఉంది. మామూలు ప్రభుత్వోద్యోగి ఖాతాలో జనవరిలో 15, జూలైలో 15, మొత్తం 30 ఈఎల్స్ (ఎర్న్‌డ్ లీవులు, అంటే పనిచేసి సంపాదించుకునే జీతంతో కూడిన సెలవులు) జమవుతాయి. టీచరుకు పడేవి మూడూ మూడూ ఆరు, అదీ 1994 నాటి జీవో 317 పుణ్యమా అని. రిటైరయ్యేనాడు 300 ఈఎల్స్ దాకా నగదు చేసుకోవచ్చు. ఆఫీసు గుమాస్తా ఒక్కటీ వాడకపోతే పదేళ్లలో అక్కడికి చేరతాడు. టీచరు 30 ఏళ్లు ఒక్కటీ ముట్టకుండా దాచినా 180 దగ్గరే ఆగిపోతాడు. ఏడాదికి 24 రోజుల లీవు వదులుకుంటే దక్కిన సెలవులివి.

అయినా టీచర్లు వీటికోసం ఎందుకంత పట్టుబడతారంటే, బడి నడిచే రోజుల్లో లీవు పెట్టడం చెప్పినంత తేలిక కాదు. సింగిల్ టీచర్ బడిలో మాస్టారు రాకపోతే పక్క ఊరి నుంచి ఎవరినో పంపాలి, లేదా పిల్లలు ఇంటికి పోవాలి. అందుకే మోకాలి ఆపరేషనైనా కూతురి పెళ్లైనా మే నెలకే నెట్టుకుంటారు.

ఆ మే నెలైనా పూర్తిగా చేతికి రాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దంటూనే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలను మినహాయించింది. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ పోలింగ్ మే 13న. ముందురోజు డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో ఈవీఎం, వీవీప్యాట్, కవర్ల సంచీ సరిచూసుకుని, బస్సెక్కి కేటాయించిన ఊరు చేరాలి. పోలింగ్ కేంద్రం చాలాచోట్ల బడే కాబట్టి సెలవుల్లోనూ పడక బడి బల్లల మీదే. తెల్లవారుజామున 5.30కి మాక్ పోల్ (యంత్రాలను పరీక్షించే నమూనా పోలింగ్), ఏడింటికి అసలు పోలింగ్. రాత్రి యంత్రాలు అప్పజెప్పి రసీదు తీసుకునేసరికి ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెల 24న టెన్త్ సప్లిమెంటరీ పరీక్షలు మొదలయ్యాయి. వాటికీ ఇన్విజిలేటర్లు టీచర్లే.

ఇలా పోగొట్టుకున్న రోజులకు దామాషాలో ఈఎల్స్ ఇవ్వాలని నిబంధన ఉంది. టీచర్లు దాన్ని 'ఈఎల్ ప్రిజర్వేషన్' అంటారు. డ్యూటీ ఉత్తర్వు, హాజరైనట్టు సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టాలి, అది సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కేదాకా తిరగాలి. రెండు మూడు రోజుల కోసం ఆ తిప్పలెందుకని వదిలేసేవాళ్లూ ఉంటారు.

ఇదంతా రెగ్యులర్ టీచర్ల గొడవ. ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల వేసవి జీతమే ఉండదు, పైగా అడ్మిషన్ల కోసం ఎండలో ఇంటింటికీ తిప్పుతారు. తెలంగాణలో విద్యావలంటీర్లకు విద్యాసంవత్సరం ముగియడంతోనే గౌరవవేతనం ఆగిపోయేది. సెలవులకు బదులుగా వదులుకుందామన్నా వాళ్ల ఖాతాలో ఈఎల్స్ లేవు.