ఎర్రచుక్క ఎక్కడి నుంచి వచ్చింది? ‘అసెంబుల్డ్ మ్యాక్’ పేచీ వెనక కథ

పెళ్లి వీడియోల ఎడిటింగ్ కోసం అసెంబుల్డ్ మ్యాక్‌లు (మామూలు పీసీ భాగాలతో కట్టి మ్యాక్ ఓఎస్ ఎక్కించినవి) కొన్న తిరుపతి, చిత్తూరు స్టూడియోలకూ వాటిని కట్టిచ్చిన సిస్టమ్ షాపులకూ మధ్య పాత పేచీ ముహూర్తాలతో పాటు మళ్లీ మొదలైంది. ఫిర్యాదు అన్నిచోట్లా దాదాపు ఒకటే. సెట్టింగ్స్ గుర్తు మీద ఎర్రచుక్క కనబడింది, ఎవరో నొక్కారు, మ్యాక్ ఓఎస్ కొత్త వెర్షన్ టహో ఎక్కింది, సిస్టమ్ మూగబోయింది. నాదస్వరం వినబడకుండా తలంబ్రాల సీను కోయలేరు కాబట్టి సీపీయూ ఆటో ఎక్కి షాపుకు చేరింది. ‘అప్‌డేట్ కొట్టొద్దని అప్పుడే చెప్పినాం కదన్నా’ అన్నది షాపు మాట. ‘కొట్టకూడని బటన్ ఎందుకు కనబడతాంది మరి?’ అన్నది స్టూడియో మాట.

2006లో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్లతో మ్యాక్‌లు తేవడం, ఆ వెంటనే మామూలు పీసీలో మ్యాక్ ఓఎస్ ఎక్కించే హాకింతోష్ పుట్టుకు రావడం తెలిసిన కథే. 2020 నవంబరులో ఆపిల్ సొంత ఎం1 చిప్ రావడంతో ఆ విద్యకు గడువు పడిందనీ తెలిసిందే. ఈ గొడవ మీద మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఆ 2020నే చూపిస్తారు. మన స్టూడియోల తగాదాకు అసలు మలుపు మాత్రం అంతకు ఏడాది ముందుంది. 2019లో ఓపెన్‌కోర్ అనే బూట్‌లోడర్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రాం, వచ్చింది. అసెంబుల్డ్ మ్యాక్‌లు నిలకడగా పనిచేయడం దానితోనే మొదలైంది. చిక్కు కూడా దానితోనే వచ్చింది.

అంతకు ముందు పని మొరటుగా ఉండేది. ఆపిల్ వాడని సౌండ్ చిప్పునో, ల్యాన్ చిప్పునో నడిపించే కెక్స్ట్‌లను, అంటే మ్యాక్ ఓఎస్ డ్రైవర్లను, చాలామంది నేరుగా సిస్టమ్ ఫోల్డర్‌లోకే తోసేవాళ్లు. సౌండ్ కోసం ఆపిల్ సొంత ఫైలునే కోసి అతికేవాళ్లు. చిన్న అప్‌డేట్ వచ్చినా ఆ అతుకులు తుడిచిపెట్టుకుపోయి మరుసటి బూట్‌లో సిస్టమ్ కుప్పకూలే కెర్నెల్ ప్యానిక్ వచ్చేది. డ్రైవర్లను మెమరీలోకి ఎక్కించే వీలు క్లోవర్ బూట్‌లోడర్‌లోనూ ఉంది గానీ, తొందరలో ఉన్న మెకానిక్ దాన్ని పట్టించుకున్నది తక్కువ. ఆ మొరటుతనంలోనే ఒక రక్ష ఉండేది. అప్‌డేట్ అంటే సిస్టమ్ పోవడమేనని షాపుకూ తెలుసు, స్టూడియోకూ తెలుసు. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

ఓపెన్‌కోర్ సిస్టమ్ ఫోల్డర్ జోలికి పోదు. డిస్క్ మొదట్లో ఉండే 200 ఎంబీ ఈఎఫ్ఐ విభాగంలో కూర్చుంటుంది. బూట్ అయ్యేటప్పుడు మదర్‌బోర్డు ఇచ్చే ఏసీపీఐ పట్టికలను, అంటే హార్డ్‌వేర్ వివరాల జాబితాలను, సరిచేస్తుంది, ‘ఇది ఫలానా ఐమ్యాక్’ అని మోడల్ పేరు చెబుతుంది, కెక్స్ట్‌లను మెమరీలోకి ఎక్కిస్తుంది. లీలూ అనే కెక్స్ట్ అన్నింటికీ పునాది. దాని మీద ఆధారపడి వర్చువల్ ఎస్ఎంసీ ఆపిల్ చిప్పు ఉన్నట్టు నటిస్తుంది, వాటెవర్‌గ్రీన్ గ్రాఫిక్స్ చూసుకుంటుంది, ఆపిల్ ఏఎల్‌సీ సౌండ్ చూసుకుంటుంది. 2020లో బిగ్ సర్ వెర్షన్ వచ్చి సిస్టమ్ విభాగానికే సీలు వేసినా ఈ పద్ధతికి దెబ్బ తగల్లేదు, ఎందుకంటే సీలు విప్పాల్సిన అవసరమే దీనికి లేదు. అప్‌డేట్ నొక్కితే నిజమైన మ్యాక్‌లాగే రెండుమూడుసార్లు రీస్టార్టయి లేచి కూర్చునేది. జనం భయం పోయింది. షాపుల మాటల్లోంచి ‘అసెంబుల్డ్’ అన్నది మెల్లగా జారిపోయి ‘మ్యాక్’ మిగిలింది.

ధర కూడా ఆశ పెట్టింది. 2020లో 27 అంగుళాల ఐమ్యాక్ మన దేశంలో 1,69,900 రూపాయల దగ్గర మొదలయ్యేది. పదో తరం ఐ5, జెడ్490 బోర్డు, 16 జీబీ ర్యామ్, 8 జీబీ ఆర్ఎక్స్ 580 కార్డు పెట్టి అందులో సగం కంటే తక్కువకే ఆపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో నడిచే పెట్టె కట్టొచ్చు. తిరుపతి వాళ్లు పొద్దున రైలెక్కి చెన్నై రిచ్చీ స్ట్రీట్ నుంచి, చిత్తూరు, పలమనేరు వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి సామాను తెచ్చుకునేవాళ్లు.

కట్టడం కష్టం కాదు, కుదురుగా చేయడమే కష్టం. మదర్‌బోర్డు సెట్టింగ్స్ ఉండే బయోస్‌లో ఫాస్ట్ బూట్, సెక్యూర్ బూట్, సీఎస్ఎం, సీఎఫ్‌జీ లాక్ ఆపాలి. అబవ్ 4జీ డీకోడింగ్, ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండాఫ్ పెట్టాలి. ప్రాసెసర్ పవర్‌కు, ఎంబెడెడ్ కంట్రోలర్‌కు, గడియారానికి ఒక్కో ఎస్ఎస్‌డీటీ ఫైలు, అంటే ఏసీపీఐ పట్టికలకు సవరణ, కావాలి. చాలామంది ఎగ్గొట్టేది యూఎస్‌బీ మ్యాపింగ్. మ్యాక్ ఓఎస్ ఒక కంట్రోలర్ మీద 15 పోర్టులకు మించి ఒప్పుకోదు. నీలం రంగు యూఎస్‌బీ 3 సాకెట్టు ఒక్కటే రెండు పోర్టుల కింద లెక్క. మ్యాపింగ్ చేయని పెట్టెలో కార్డ్ రీడర్ ఒక సాకెట్‌లో కనబడి ఇంకోదాంట్లో కనబడదు, స్లీప్‌లోకి వెళ్లిన సిస్టమ్ తనంతట తానే లేస్తుంది. ఏఎండీ నేవీ గ్రాఫిక్స్ కార్డులైన ఆర్ఎక్స్ 5500, 5700 వేస్తే బూట్ ఆర్గ్యుమెంట్లలో ‘పికేరా’ పదం ఉండాలి, లేకపోతే ఆపిల్ గుర్తు వచ్చాక తెర నల్లబడుతుంది. శాంసంగ్ పీఎం981 ఎన్‌వీఎంఈ డిస్క్ అయితే ప్యానిక్‌లకు పేరుపొందినదే.

ఇదంతా ఒక్కో పెట్టెకూ చేయడం షాపుకు గిట్టుబాటు కాలేదు. ఒకటి కుదిరాక ఆ డిస్క్‌ను క్లోన్ చేసి మిగతావాటికి దించేశారు. ఈఎఫ్ఐతో పాటు సీరియల్ నంబరు, బోర్డు సీరియల్, యూయూఐడీ, ఆర్ఓఎం (ROM) విలువ అనే గుర్తింపు నంబర్లు కూడా అన్నింట్లోనూ ఒకటే అయ్యాయి. శ్రీకాళహస్తిలో ఒక సిస్టమ్, పుత్తూరులో ఒక సిస్టమ్ ఆపిల్ సర్వర్ కంటికి ఒకే యంత్రం. ఐక్లౌడ్ లాగిన్ నిరాకరణ, ఐమెసేజ్ ఎక్కకపోవడం ఈ దారిలో వచ్చినవే. ‘అబౌట్ దిస్ మ్యాక్’లో సీరియల్ చూసుకుని, అదే షాపులో కొన్న ఇంకొకరిది పక్కన పెట్టి పోల్చితే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఆ నంబరును ఆపిల్ వారంటీ పేజీలో కొట్టినప్పుడు చెల్లదని రావాలి. నిజమైన కొనుగోలు తేదీ కనబడిందంటే అది వేరెవరి మ్యాక్ నంబరో.

2023లో సొనోమా వెర్షన్ వచ్చినప్పుడు ఒక హెచ్చరిక అందింది. హాకింతోష్‌లకు కులదైవం లాంటి బ్రాడ్‌కామ్ 94360 వైఫై కార్డులకు ఆపిల్ డ్రైవర్ తీసేసింది. ఐఫోన్ నుంచి ఎయిర్‌డ్రాప్‌లో క్లిప్పులు తీసుకునే వాళ్ల పని ఆగింది. దానికి మందుగా షాపులు రూట్ ప్యాచ్ వేశాయి: పాత డ్రైవర్‌ను సీలు విప్పి సిస్టమ్ విభాగంలోకి పెట్టడం. అంటే ఓపెన్‌కోర్ తప్పించిన పాత మొరటు పనే వెనక తలుపులోంచి మళ్లీ వచ్చింది. ఆ ప్యాచ్ నిలవాలంటే సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ అనే రక్షణను కొంత సడలించాలి, ఓపెన్‌కోర్‌లో సెక్యూర్ బూట్ మోడల్ అనే మరో రక్షణను డిసేబుల్డ్‌లో పెట్టాలి. ప్రతి అప్‌డేట్‌కూ ప్యాచ్ పోతుంది, మళ్లీ వేయాలి.

ఇప్పటి తగాదాకు కీలకం ఇక్కడే ఉంది, షాపులు దీని గురించి ఎత్తవు. ఐమ్యాక్ 20,1, మ్యాక్‌ప్రో 7,1 లాంటి టీ2 (ఆపిల్ భద్రతా చిప్పు) మోడళ్ల పేరు పెట్టుకున్న సిస్టమ్‌లో సెక్యూర్ బూట్ మోడల్ ఆపేస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీ ఖాళీగా ఉంటుంది. ఆపిల్ ఏ అప్‌డేటూ చూపించదు. దాన్ని మళ్లీ కనిపించేలా చేయడానికి రిస్ట్రిక్ట్ ఈవెంట్స్ అనే కెక్స్ట్ వేసి, ‘ఎస్‌బీవీఎంఎం’ (sbvmm) అనే విలువ చేర్చాలి. అప్పుడు యంత్రం తాను వర్చువల్ మెషీన్‌నని చెప్పుకుంటుంది, అప్‌డేట్లు వస్తాయి. ఆ విలువ దానంతట అది వచ్చి కూర్చోదు. ఎవరో చేత్తో రాయాలి.

టహో 2025 సెప్టెంబరు 15న విడుదలైంది. మనకది మహాలయ పక్షం. పెళ్లిళ్లు లేవు, శ్రావణం పెళ్లిళ్ల ఫుటేజీ మాత్రం టేబుళ్ల మీద ఉంది. ఇంటెల్ మ్యాక్‌లకు ఇదే చివరి ఓఎస్ అని ఆపిల్ ఆ జూన్‌లోనే చెప్పింది. నాలుగు ఇంటెల్ మోడళ్లనే మిగిల్చింది. 16 అంగుళాల 2019 మ్యాక్‌బుక్ ప్రో, నాలుగు థండర్‌బోల్ట్ పోర్టుల 13 అంగుళాల 2020 మ్యాక్‌బుక్ ప్రో, 2020 ఐమ్యాక్, 2019 మ్యాక్ ప్రో. ఈ నాలుగింట్లోనూ టీ2 చిప్పు ఉంది, సౌండ్ దాని మీదుగానే పోతుంది. మామూలు సౌండ్ చిప్పులను నడిపే ఆపిల్ హెచ్‌డీఏ డ్రైవర్ అవసరం తీరిపోయింది, తీసేశారు. ఆపిల్ ఏఎల్‌సీ చేసేది ఆ డ్రైవర్‌ను సవరించడమే. సవరించడానికి డ్రైవరే లేనప్పుడు అది చేయగలిగేది లేదు. లీలూ పాతదైతే ఇంకా అన్యాయం: తెలియని ఓఎస్‌ను చూసి తప్పుకుంటుంది, దాన్ని నమ్ముకున్న వర్చువల్ ఎస్ఎంసీ లేవదు, ఆపిల్ గుర్తు దగ్గరే అంతా ఆగిపోతుంది.

షాపుల వాదన చిన్నది. తాము విడిభాగాలే అమ్మామనీ, ఓఎస్ కస్టమర్ అడిగితే ఎక్కించి పెట్టామనీ, అప్‌డేట్ వద్దని నోటితో చెప్పామనీ అంటారు. ఆపిల్ డ్రైవర్ తీసేస్తే తామేం చేయగలమన్నదీ నిజమే.

స్టూడియోల వాదనకు ఆధారాలు ఎక్కువ. సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తెరిచి ఆటోమేటిక్ మీటలు ఆపడం ఒక నిమిషం పని; డెలివరీకి ముందు అది జరగలేదు. క్లోన్ చేసిన డిస్క్ ఇచ్చారు గానీ, ఈఎఫ్ఐ ఫోల్డర్ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ ఇవ్వలేదు. అదొకటి చేతిలో ఉంటే బూట్ పోయిన రోజు స్టూడియో తనంతట తాను లేపుకోవచ్చు. రూట్ ప్యాచ్ వేసినప్పుడు రక్షణలు సడలించిన సంగతి చెప్పలేదు. నోటి హెచ్చరిక కూడా యజమానికే అందుతుంది. రాత్రిపూట కూర్చుని కోసే ఎడిటర్ కుర్రాడికి అందదు, వాళ్లు ఏడాదికొకరు మారుతుంటారు. ‘అప్‌డేట్ కూడా వస్తుంది సార్’ అని చెప్పి అమ్మినవాళ్లే ఇవాళ అప్‌డేట్ నొక్కడం నేరమంటున్నారన్నది వీళ్ల మంట.

విడిభాగాలే అమ్మామన్న మాటకు ఒక పాత జవాబుంది. అమెరికాలో సైస్టార్ అనే కంపెనీ 2008 నుంచి మ్యాక్ ఓఎస్ ఎక్కించిన పీసీలు అమ్మింది. ఒక్కో పీసీతో కొన్న డీవీడీ కూడా ఇచ్చింది. అయినా ఒక మాస్టర్ కాపీ తయారు చేసి దాన్ని అన్ని యంత్రాల్లోకీ దించడం ఉల్లంఘనేనని 2009 నవంబరులో జడ్జి విలియం అల్సప్ తీర్పు ఇచ్చారు; 2011లో అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, క్లోన్ డిస్క్ పద్ధతికి అది అచ్చుగుద్దిన పోలిక. ఆపిల్ లైసెన్సు సైతం ఆపిల్ బ్రాండ్ కంప్యూటర్ మీదే వాడుకోమంటుంది. మన కాపీరైట్ చట్టం 63బి సెక్షన్, ఉల్లంఘించిన ప్రోగ్రాం కాపీని తెలిసి వాడినవాళ్లకు 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అంటుంది. స్టూడియోలు వినియోగదారుల కమిషన్ గడప తొక్కడానికి జంకడం, షాపులు ధీమాగా ఉండడం రెండూ ఈ సెక్షన్ చలవే.

ఈ గొడవలో లేనివాళ్లూ ఉన్నారు. జీటీఎక్స్ 1060 లాంటి ఎన్‌విడియా కార్డులు వేసుకున్నవాళ్లు 2018లో మోజావీ వెర్షన్ వచ్చినప్పుడు డ్రైవర్ లేక అంతకు ముందటి హై సియెరాలోనే ఆగిపోయారు. అప్పుడు తిట్టుకున్నారు. వాళ్ల సిస్టమ్ నేటికీ అదే ఓఎస్‌తో, అదే సౌండ్‌తో నడుస్తుంటుంది. కొత్తగా కట్టించుకునేవాళ్లు మాత్రం తగ్గారు. 2024 అక్టోబరులో ఎం4 మ్యాక్ మినీ 59,900 రూపాయలకు వచ్చాక లెక్క తిరగబడింది. దానిలోని 256 జీబీ చాలకపోతే ఫుటేజీ బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకోవచ్చు.

ఇప్పటికే టహో ఎక్కిన సిస్టమ్‌కు అన్నింటికంటే దగ్గర దారి యూఎస్‌బీ సౌండ్ కార్డు. దానికి ఆపిల్ హెచ్‌డీఏతో పనిలేదు. ఆపిల్ హెచ్‌డీఏను టహోకు ముందటి వెర్షన్ సెకోయా నుంచి తెచ్చి రూట్ ప్యాచ్ వేయడం రెండో దారి, వచ్చే అప్‌డేట్‌కు మళ్లీ పోతుంది. సెకోయాకు వెనక్కి పోవాలంటే డిస్క్ చెరిపేయక తప్పదు, ఇన్‌స్టాలర్‌కు 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టుకుంటే ఇరుకుండదు. ముందు ఫైనల్ కట్ లైబ్రరీలను ఏపీఎఫ్ఎస్ ఫార్మాట్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌లో పెడితే లైబ్రరీ తెరుచుకోక ఇబ్బంది పెడుతుంది. కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచి అప్‌డేట్ చేసిన లైబ్రరీని పాత ఫైనల్ కట్ తెరవదు, కాబట్టి సౌండ్ పోయిన సిస్టమ్‌లో యాప్‌ను ముట్టుకోకపోవడమే మంచిది. విండోస్‌కు మారి డావిన్సీ రిజాల్వ్‌లో పని ముగించాలనుకుంటే ఎక్స్‌ఎంఎల్ ద్వారా కట్లు వస్తాయి. టైటిళ్లు, ప్లగిన్ ఎఫెక్టులు రావు.

పెద్దమనుషుల దగ్గర కూర్చునే ముందు రెండు పక్షాలూ చేయాల్సిన పని ఒకటుంది. ఈఎఫ్ఐ విభాగాన్ని మౌంట్ చేసి, ఓపెన్‌కోర్ కాన్ఫిగ్ ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి ‘ఎస్‌బీవీఎంఎం’ (sbvmm) కోసం వెతకాలి. అది కనబడితే, ఆ ఎర్రచుక్క ఆ పెట్టెలోకి షాపు టేబుల్ మీదే వచ్చింది.