ఆగిన గుండెకు అరువు మందులు

పన్ను పీకేముందు దంతవైద్యులు చిగురులోకి ఎక్కించే లిడోకైన్ మందునే, లయ తప్పి గుండె ఆగిపోయినవారికి అంబులెన్సు సిబ్బంది కూడా ఇస్తుంటారు. 1943లో స్టాక్‌హోమ్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ దీన్ని తయారుచేసినప్పుడు, ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంటిమీదే పరీక్షించుకున్నప్పుడు, వారి ధ్యాసంతా నొప్పి మీదే. నరాలలోని సోడియం ద్వారాలను మూసి నొప్పిని తెలియనివ్వని ఈ మందు, గుండె కండరంలో ఉండే అటువంటి ద్వారాలపైనా పనిచేసి, అదుపు తప్పిన విద్యుత్ స్పందనలను అణచగలదని తరువాత తేలింది. ఇదే అవసరానికి వాడే అమియోడరోన్ కూడా 1960ల ఆరంభంలో బెల్జియంలో ఆంజైనా అనే ఛాతీ నొప్పికి మందుగా పుట్టినదే. అది లయ దోషాలను సరిచేయగలదని చూపిన తొలి ప్రయోగాలలో, ఫిజీలో పుట్టిన భారత సంతతి వైద్యుడు బ్రామా సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసినవి ముఖ్యమైనవి.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. మొదటిదానిలో రక్తనాళం పూడుకుపోయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. రెండవదానిలో రక్తప్రసరణే నిలిచిపోతుంది, మనిషి కొన్ని సెకన్లలో స్పృహ కోల్పోతాడు, కొద్ది నిమిషాలకే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఇక్కడ ఏ మందు అన్నదానికంటే ఎప్పుడు అందింది అన్నదే ఎక్కువసార్లు ఫలితాన్ని నిర్ణయిస్తుందని నాకనిపిస్తుంది. గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చినా లయ కుదుటపడని 3,026 మందిపై అమెరికా, కెనడాలలో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, అమియోడరోన్ తీసుకున్నవారిలో 24.4 శాతం, లిడోకైన్ తీసుకున్నవారిలో 23.7 శాతం, ఉత్తుత్తి మందు (పోలిక కోసం ఇచ్చే, మందు గుణం లేని ద్రవం) తీసుకున్నవారిలో 21 శాతం ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. ఆ తేడా కాకతాళీయం కాదని ఖాయంగా చెప్పగలిగినంత పెద్దది కాదు. అయితే ఎవరో చూస్తుండగానే కుప్పకూలినవారిని విడిగా లెక్కిస్తే మాత్రం మందుల మేలు స్పష్టంగా కనిపించింది. అత్యవసర ఫోను వచ్చాక మందు ఒంట్లోకి చేరడానికి సగటున సుమారు 19 నిమిషాలు పట్టిందన్న సంగతిని ఈ అంకెల పక్కనే పెట్టి చదవాలి.

గుండె తిరిగి కొట్టుకోగానే మనిషి దక్కినట్టేనన్న భావనను గట్టిగా కుదిపింది మాత్రం అడ్రినలిన్. దశాబ్దాలుగా అందరికీ ఇస్తున్న ఈ మందును ఉత్తుత్తి మందుతో పోల్చి, 8,014 మందిపై బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. నెల తరువాత బతికున్నవారు అడ్రినలిన్ వర్గంలో 3.2 శాతం, రెండవ వర్గంలో 2.4 శాతం. కానీ బతికి బయటపడినవారిలో తీవ్రమైన నాడీ వైకల్యంతో మిగిలినవారు మొదటి వర్గంలో 31 శాతం, రెండవదానిలో 17.8 శాతం. అంటే గుండెను లేపిన మందు మెదడును కాపాడలేకపోయింది.

మెదడు కథ రక్తం తిరిగి చేరినంత మాత్రాన ముగియదు. అప్పటిదాకా ఆక్సిజన్ లేక అలమటించిన కణాలలోకి ఒక్కసారిగా ఆక్సిజన్, కాల్షియం పోటెత్తగానే, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పొరలో ఒక రంధ్రం తెరుచుకుని, కణం చావుకు దారితీస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ ఆ రంధ్రం తెరుచుకోకుండా ఆపగలదు. జంతువులలో ఈ ఆలోచన చక్కగా ఫలించింది. ఫ్రాన్స్‌లో 794 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో మాత్రం అవయవాల పనితీరులో గానీ, బతికినవారి సంఖ్యలో గానీ తేడా రాలేదు. ప్రయోగశాలలో గుండెను ఆపేది పరిశోధకుడే కనుక, మందు ఏ క్షణాన ఇవ్వాలో కూడా అతని చేతిలోనే ఉంటుంది. వీధిలో కూలిపోయిన మనిషి విషయంలో ఆ వీలు ఎవరికీ లేదు. కణాలను కాపాడుతుందన్న ఇలాంటి ఆశతోనే, సయనైడ్‌కు విరుగుడుగా వాడే సోడియం నైట్రైట్‌ను అమెరికాలోని సీటెల్ పరిసరాలలో సుమారు 1,500 మందిపై పరీక్షించినా ఆస్పత్రిదాకా ప్రాణాలతో చేరినవారు పెరగలేదు.

పాత మందు కాబట్టి కనీసం హాని చేయదులే అని కూడా అనుకోలేం. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న కాల్షియం ఇంజెక్షన్‌ను డెన్మార్క్‌లో 391 మందిపై పరీక్షించినప్పుడు, గుండె తిరిగి పనిచేసినవారు కాల్షియం వర్గంలో 19 శాతమే, ఉత్తుత్తి మందు వర్గంలో 27 శాతం. హాని జరుగుతోందేమోనన్న అనుమానంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

రక్తనాళాలను కుదించే హార్మోన్ వాసోప్రెసిన్, స్టిరాయిడ్ల జోడీ మరింత చిక్కు ప్రశ్న. అడ్రినలిన్‌కు ఈ రెండింటినీ కలిపి గ్రీస్ ఆస్పత్రులలో 268 మందిపై చేసిన పరీక్షలో, మెదడు బాగుండి ఇంటికి వెళ్లినవారు 5.1 శాతం నుంచి 13.9 శాతానికి పెరిగారు. ఆ 2013 నాటి ఆశను డెన్మార్క్ వైద్యులు 2021లో 501 మందిపై సరిచూస్తే, గుండె మళ్లీ కొట్టుకున్నవారు 33 నుంచి 42 శాతానికి పెరిగినా, నెల తరువాత బతికున్నవారి సంఖ్య మాత్రం పెరగలేదు.

ప్రస్తుతం నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తున్నది గుండె కొట్టుకోవడం మొదలైన తరువాత ఒంటినిండా చెలరేగే వాపును (ఇన్‌ఫ్లమేషన్‌ను) అణచే ప్రయత్నం. కీళ్లవాతానికి వాడే టోసిలిజుమాబ్‌ను కోపెన్‌హాగన్‌లో 80 మందిపై, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చి, పరీక్షించగా, దాన్ని పొందినవారిలో వాపు సూచికలతోపాటు గుండె కండరానికి జరిగిన నష్టం కూడా తగ్గింది. ఎంతమంది బతుకుతారో తేల్చడానికి ఆ 80 మంది చాలరు. పేటెంటు ముగిసిన మందులపై కంపెనీలు వేలమందితో పరీక్షలు జరపడానికి ముందుకు రావడం అరుదు కనుక, అంత పెద్ద పరీక్షల ఖర్చు ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీదే పడుతుంది. అడ్రినలిన్ సంగతి తేల్చిన బ్రిటన్ పరీక్ష కూడా అలా జరిగినదే.