పీపీ డబ్బు తిన్నాడా అని అడిగారు కదా

చిట్టీ, బాబీ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ ఒకరి మాట ఒకరు తోసేసుకుంటూ అడిగిన ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. గంజాయి కేసులో దొరికిన కుర్రాడు బెయిల్ అడిగితే ప్రభుత్వ వకీలు, అదే పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్), లేచి అడ్డుకోలేదట, అంటే డబ్బు తిన్నట్టే కదా తాతా అన్నారు. కేసు కట్ట చూడకుండా ఎవరినీ అంత మాట అనకూడదు నాన్నా. అడ్డుకోలేదు కాబట్టి తిన్నాడనే లెక్క మీకే కాదు, ఇక్కడ ఒడిశాలో మన పర్లాకిమిడి టీ కొట్ల దగ్గర కూర్చునే పెద్దవాళ్లలోనూ చాలామందికి ఉంది. పీపీ ఆఫీసుల్లో టైపు కొట్టి, తెలుగు సాక్షుల మాట ఒడియాలో చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి, అది ఎందుకు తప్పో చెప్పే బాధ్యత నాకుంది.

మీరు పీపీని పోలీసుల లాయరు అన్నారు. ఒకప్పుడు కింది కోర్టుల్లో చాలాచోట్ల అలాగే ఉండేది, కోర్టు సబ్‌ఇన్‌స్పెక్టర్లని పోలీసులే కేసు నడిపేవారు. పట్టుకున్నదీ వాళ్లే, వాదించేదీ వాళ్లే. 1974 ఏప్రిల్ 1న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అమల్లోకి వచ్చాక పోలీసు అధికారిని ఏపీపీగా, అంటే కింది కోర్టుల్లో వాదించే అసిస్టెంట్ పీపీగా, వేయకూడదన్నది సాధారణ నియమమైంది. అయినా మహారాష్ట్రలో ఏపీపీలు పోలీసు శాఖ చేతికిందే ఉండిపోతే, వేరు చెయ్యమని 1995లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది, అదీ మహారాష్ట్ర కేసే, పీపీ పోస్టాఫీసు కాదని కోర్టు అంది. పోలీసులిచ్చిన కవరు జడ్జిగారికి అందించి వచ్చేయడం ఆయన పని కాదు, చదవాలి, తన బుర్ర పెట్టాలి. 1999లో ఇంకో తీర్పు ఇంకా ముందుకెళ్లింది: ముద్దాయికి న్యాయంగా దక్కాల్సింది ఏదైనా ఉండి, అతని వకీలు దాన్ని గమనించకపోతే, కోర్టు ముందు పెట్టాల్సింది పీపీయే. ఎలాగైనా శిక్ష వేయించాలనే కసి ఆయనకి ఉండకూడదని కూడా అందులోనే ఉంది.

ఇది కాగితం మీద మాటే కదా అనుకుంటారేమో, నేను కళ్లారా చూసింది చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో. పొలానికి నీళ్లు తిప్పుకునే దగ్గర గొడవై ఒకాయన తల పగిలింది. చూసిన సాక్షి ఒక తెలుగు ముసలమ్మ. ఆవిడ పోలీసులతో చెప్పింది ఒకటే మాట, "ఆ అబ్బాయీ వాళ్ల బావా కలిసి కొట్టారు బాబూ" అని. బావ పేరు ఆవిడకి తెలీదు. రాసుకున్నాయన ఒడియావాడు, కాగితం మీద "బొడొ భాయి" అని పెట్టాడు. అంటే పెద్దన్న. అబ్బాయికి నిజంగానే ఒక అన్న ఉన్నాడు, అతన్ని తీసుకెళ్లి లోపల వేశారు. నేను కాదు మొర్రో అని అతను అంటూనే ఉన్నాడు, ముద్దాయిలందరూ అదే అంటారని ఎవరూ పట్టించుకోలేదు.

సాక్ష్యం రోజు పొద్దున్న ఆవిడ కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది, చేతిలో ఇత్తడి చెంబు. అప్పుడే జైలు నుంచి అతన్ని తీసుకొచ్చారు. ఆవిడ చూసి, "ఈ పిల్లాణ్ణి ఎందుకు తెచ్చారు?" అంది. మా పీపీ సారుకి తెలుగు అంతంత మాత్రమే, నావైపు చూశారు. చెప్పాను. బావ అంటే ఎవరని అడిగారు. మనలో మేనమామ కొడుకూ బావే అవుతాడు సార్, పెళ్లి వరస కలిసేవాడు, తోడబుట్టినవాణ్ణి మేం చచ్చినా బావ అనం అన్నాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, కట్ట విప్పి, ఆ లైను దగ్గర ఎర్ర పెన్సిలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. కేసు రాసిన అధికారి వచ్చి, సార్ మీరు మన పక్షం కదా అని గొడవ పెట్టుకున్నాడు. సారు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నమే అన్న మీద కేసు ఉపసంహరించుకుంటామని, కారణం ఉన్నదున్నట్టు పెట్టి, నాచేత పిటిషన్ టైపు చేయించారు. జడ్జిగారు ముసలమ్మని పిలిచి అడిగి ఒప్పుకున్నారు. అభియోగాలు అప్పటికే నమోదయ్యాయి కాబట్టి చట్టప్రకారం అతను నిర్దోషిగా బయటికి వచ్చాడు, అయిదు నెలల తర్వాత. మొదటి రోజే ఆ కాగితం ఎవరైనా తెలుగు తెలిసినవాళ్లకి చదివి వినిపించి ఉంటే ఆ అయిదు నెలలు ఉండేవి కావని నాకు ఈరోజుకీ బాధే.

ఆ ఉపసంహరణ అధికారం పైన చెప్పిన 1974 నాటి కోడ్‌లో 321వ సెక్షన్. నిర్ణయం పీపీ తీసుకోవాలి, అనుమతి కోర్టు ఇవ్వాలి. అదే సెక్షన్ పెద్దవాళ్లని కాపాడటానికీ వాడబోయారు. 2015లో కేరళ అసెంబ్లీలో సామాన్లు విరగ్గొట్టారని ఎమ్మెల్యేల మీద పెట్టిన కేసు వెనక్కి తీసుకుంటామంటే, 2021లో సుప్రీంకోర్టు కుదరదంది. ఆ కోడ్ బదులు 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 360వ సెక్షన్ అయింది, బాధితుల మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదని కొత్తగా చేర్చారు. ఆ మార్పు నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆ తల పగిలినాయన్ని ఆరోజు ఎవరూ ఏమీ అడగలేదు.

ఇక మీ గంజాయి కేసు. మన కొండల దారిలో బస్సెక్కి సంచి మోసే కుర్రాళ్లు ఎవరో మీకు తెలుసు, కొందరు మీ స్కూల్లో చదివినవాళ్లే. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే పెద్ద మొత్తం కింద లెక్క, రుజువైతే కనీసం పదేళ్లు. అప్పుడు బెయిల్ దొరకడం కూడా కష్టం, పీపీకి అడ్డుచెప్పే అవకాశం ఇవ్వాలి, ఆయన అడ్డుచెబితే ముద్దాయి తప్పు చేయలేదనడానికి కారణాలు కోర్టుకి కనబడాలి. ఆ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. ఇప్పుడు ఆలోచించండి, ఆకూ కాడా సంచీ అన్నీ కలిపి కాటా మీద పెట్టి 21 కిలోలని రాస్తే? ఆ సంచిలో ఏముందో పంచనామా చదివి అడిగే పీపీ ఒక కుర్రాడి పదేళ్ల గురించి అడుగుతున్నట్టు. అలాంటి చోట ఆయన గట్టిగా అడ్డుకోకపోతే అది తన పని తాను చేసినట్టే.

అందరూ మా సారులా ఉంటారని చెప్పను. సెషన్స్ కోర్టు పీపీల పేర్ల జాబితా కలెక్టరు, సెషన్స్ జడ్జితో సంప్రదించి తయారుచేస్తారు, ఏడేళ్లు ప్రాక్టీసు ఉండాలి, కానీ ఆఖరికి వేసేది ప్రభుత్వం. ప్రభుత్వం మారితే పీపీలు మారడం మామూలైపోయింది. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో (2002 అల్లర్లలో ఆ బేకరీని తగలబెట్టి మనుషుల్ని చంపిన కేసు) పీపీ ముద్దాయిల తరఫు మనిషిలా నడుచుకున్నాడని 2004లో సుప్రీంకోర్టే తప్పుపట్టి, విచారణ మహారాష్ట్రలో మళ్లీ జరిపించింది. కాబట్టి అనుమానించడం తప్పు కాదు, కట్ట చదివి అనుమానించండి. నన్నడిగితే ఈ సరిహద్దు జిల్లాల్లో అన్నిటికంటే ముందు ప్రతి పీపీ ఆఫీసులో తెలుగు, సవర (ఇక్కడి కొండల్లో గిరిజనుల భాష) తెలిసిన మనిషి ఒకరుండాలి.

దసరా సెలవులకి రండి, కోర్టుకి తీసుకెళ్తాను. మామూలు కేసుల విచారణ ఎవరైనా కూర్చుని వినొచ్చు. ఫోన్లు ఆపేసి వెనక బెంచీలో కూర్చుందాం. సాక్షి తెలుగులో చెబుతుంటే పీపీ ఆ సాక్షివైపు చూస్తున్నారో, చేతిలో కాగితం వైపే చూస్తున్నారో మీరే గమనించి నాకు చెప్పండి.

మీ తాత