కింది నుంచి పైకి వినాల్సిన పాట

చిరంజీవులకు ఆశీస్సులు.

స్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ పట్టిన దగ్గర్నుంచి మీకు ట్యూన్ మీదే ధ్యాస. పైన వినిపించే వరసను పట్టుకుని, మిగతాదంతా వెనకాల సందడి అనుకుంటున్నారు. అందుకే ఈసారి మీరు 'మాంటెకా' వినాలి. 1947 డిసెంబర్ 30న అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ తన బిగ్ బ్యాండ్‌తో రికార్డు చేసిన రచన ఇది. నిడివి మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ.

బిగ్ బ్యాండ్‌లో సాక్సఫోన్లు, ట్రాంబోన్లు, ట్రంపెట్లు వేరువేరు వరసల్లో కూర్చుంటాయి. తోడుగా పియానో, బాస్, డ్రమ్స్. ఈ బ్యాండ్‌లో ఇంకో మనిషి కూడా ఉన్నాడు, కాంగా అనే పొడవాటి డ్రమ్మును చేతులతో వాయించే చానో పోసో. 1915లో హవానాలో పుట్టినవాడు. నొటేషన్ చదవడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అతణ్ని గిలెస్పీకి పరిచయం చేసింది క్యూబా ట్రంపెట్ విద్వాంసుడు మారియో బౌసా. 1943లోనే న్యూయార్క్‌లోని మాచీటో బ్యాండ్‌కి 'టాంగా' అనే పాట కట్టి, క్యూబా లయలను జాజ్‌తో కలిపే ఈ దారి వేసింది కూడా ఆయనే.

పోసో ఈ పాటను నోటితోనే ఇచ్చాడు. బాస్‌కి ఇది, సాక్సఫోన్లకి ఇది, ట్రంపెట్లకి ఇది అంటూ ఒక్కో భాగం పాడి చూపించాడు. దాన్ని బ్యాండ్‌కి తగ్గట్టు కాగితం మీద పెట్టింది గిల్ ఫుల్లర్. రికార్డు మొదట్లో బాస్, కాంగా మాత్రమే జాగ్రత్తగా వినండి. బాస్ ఒక చిన్న పలుకునే తిప్పి తిప్పి వాయిస్తుంది. దానిమీద ఊదే వాద్యాలు ఒక్కో వరసా తమ పలుకుతో వచ్చి చేరతాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా వింటే పాట అనిపించదు. ఒకరు ఆగిన సందులో ఇంకొకరు పడతారు. డ్రమ్ములు చేయాల్సిన పనిని బ్యాండంతా చేస్తోందన్నమాట!

క్యూబా సంగీతంలో ఎవరు ఎక్కడ పడాలో నిర్ణయించేది క్లావే అనే లయ. 16 దాకా లెక్కపెడుతూ 1, 4, 7, 11, 13 దగ్గర చప్పట్లు కొట్టండి. మొదటి ఎనిమిదీ 3+3+2గా విరుగుతాయి. ఆదితాళంలో ఎనిమిదిని మృదంగం వాళ్లు ఇలా విడగొట్టడం మీరు కచేరీల్లో విన్నదే. రెండో సగంలో రెండే దెబ్బలు. మొదటి సగం లాగుతుంది, రెండోది సర్దుతుంది. చేతులకు ఇది అలవాటయ్యాకే మళ్లీ పాట పెట్టండి.

జాజ్‌కి ఈ చేతి డ్రమ్ములు కొత్త కావడానికి వెనక పెద్ద చరిత్రే ఉంది. 1739లో అమెరికాలోని సౌత్ కరోలినాలో, స్టోనో దగ్గర ఆఫ్రికన్ బానిసలు తిరగబడ్డాక, మరుసటి ఏడే అక్కడి ప్రభుత్వం చట్టం చేసి వాళ్లకు డ్రమ్ములు లేకుండా చేసింది. క్యూబాలో మాత్రం ఆఫ్రికా డ్రమ్ములు, వాటితో పాటు పూజలూ పాటలూ నిలిచాయి. పోసో న్యూయార్క్ వచ్చి ఈ బ్యాండ్‌లో కూర్చోవడంతో, ఎప్పుడో విడిపోయిన రెండు పాయలు కలిశాయి. నాకు ఈ రికార్డంటే ఇంత ప్రాణం అందుకే.

ఇక గిలెస్పీ చేసిందేమిటి? పోసో ఇచ్చిన పలుకులు ఒకే చోట తిరుగుతూ ఎంతసేపైనా సాగగలవు. జాజ్ మనిషికి అది చాలదు, హార్మనీ, అంటే ట్యూన్ కింద కలిసి పలికే స్వరాల గుంపు, మారుతూ కదలాలి. మధ్యలో ఎనిమిది బార్ల (బార్ అంటే తాళంలో ఒక చుట్టు లాంటిది) బ్రిడ్జి, అంటే మొదటిదానికి భిన్నంగా నడిచే మధ్య భాగం, రాద్దామని కూర్చున్నాడు. స్వరాలను ఎటెటో తీసుకెళ్లి వెనక్కి తెచ్చేసరికి అవి 16 బార్లయ్యాయి! అలా థీమ్ మొత్తం 40 బార్లకు పెరిగింది. అంతదాకా గట్టిగా బిగించి ఉన్న పాట ఆ బ్రిడ్జి దగ్గర ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ చోటు తప్పిపోకండి. తరవాత టెనార్ సాక్సఫోన్ సోలోలో నడక స్వింగ్ వైపు, అంటే జాజ్‌కి సొంతమైన ఊగే లయ వైపు మళ్లడం కూడా గమనించండి.

రికార్డుకి ఏడాది నిండకముందే, 1948 డిసెంబర్ 2న, పోసోని న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో కాల్చి చంపారు. 33 ఏళ్లు. గిలెస్పీ మాత్రం ఈ పాటను వదల్లేదు. 1954లో సంగీతకర్త చికో ఓఫారిల్ చేత దీన్నే నాలుగు భాగాల సూట్‌గా, అంటే వరసగా వాయించే భాగాల పెద్ద రచనగా పెంచి రాయించి రికార్డు చేశాడు. ముందు పాతది, వెంటనే ఆ సూట్ వినండి. బాస్ పలుకు ఎక్కడెక్కడ మారిందో పట్టుకుని నాకు రాయండి.

మీ తాతయ్య