ఇరుకు అక్షరం, నొక్కిన అక్షరం

హైదరాబాద్

చిరంజీవులకు ఆశీస్సులు.

వార్షికోత్సవం కార్డు మీద స్కూలు పేరు ఇంగ్లీషులో ఒక్క వరుసలో పట్టడం లేదని, కంప్యూటర్లో వెడల్పు 60 శాతానికి నొక్కేస్తే సరిపోతుందా అని అడిగారు. నొక్కకండర్రా. ఇరుకు చోటు కోసమే గీసిన కండెన్స్‌డ్ సెరిఫ్ ఫాంట్లున్నాయి, వాటిలో ఒకటి తీసుకోండి.

సెరిఫ్ అంటే గీత ముగిసేచోట ఉండే చిన్న అడ్డగీత. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పార్మాలో బొడోని, పారిస్‌లో డిడో కుటుంబం చేసిన అచ్చు అక్షరాలతో నిలువు గీత లావుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా ఉండే తీరు స్థిరపడింది. ఆ లావు సన్నాల తేడాలోనే ఉంది దాని సొగసంతా. నిలువు గీత 100 యూనిట్లు, అడ్డగీత 20 అనుకోండి. అక్షరాన్ని 60 శాతానికి నొక్కితే నిలువు 60 అవుతుంది, అడ్డం మాత్రం 20 దగ్గరే ఉండిపోతుంది. అయిదింతల తేడా మూడింతలకు పడిపోయి అక్షరం నీరసంగా కనిపిస్తుంది. ఇరుకుగానే గీసిన ఫాంట్లో నిలువు గీత బలం తగ్గనివ్వరు. లోపలి ఖాళీని తగ్గిస్తారు, ఇంగ్లీషు 'O' పక్కలను దాదాపు నిటారు చేస్తారు, పక్క అక్షరానికి తగలకుండా సెరిఫ్‌లను కురచ చేస్తారు.

ఈ ఇరుకు ఫాంటు శీర్షికలకే. తేదీ, వేదిక దీంతో వేయకండి. అక్షరం సైజును వెయ్యి యూనిట్లుగా లెక్కిస్తే 20 యూనిట్ల సన్నగీత 12 పాయింట్ల సైజులో 0.24 పాయింటే. మెరూన్ రంగు మధ్య కాగితం తెల్లదనాన్నే అక్షరంగా వదిలితే సిరా పాకి ఆ గీతను మింగేస్తుంది, ఇంగ్లీషు 'E' మధ్య గీత ఎగిరిపోతుంది. అలాంటి చోట కనీసం అర పాయింటు ఉండాలి. 36 పాయింట్లలో అదే గీత 0.72 వస్తుంది, నిలబడుతుంది. గేటుకు కట్టే ఫ్లెక్సీకి పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అని లెక్క వేస్తారు. ఇరుకు అక్షరాలకు నేనైతే ఒకటిన్నర అంగుళాలు పెట్టమంటాను.

కింద వచ్చే తెలుగు పేరును మాత్రం ఇంగ్లీషుతో సమానం చేయాలని అసలే నొక్కకండి. మన అక్షరాలు గుండ్రనివి. నొక్కితే 'థ' లోపలి చుక్క గోడకు అంటుకుపోయి 'ధ' అయి కూర్చుంటుంది, 'ఠ' కాస్తా 'ర' అవుతుంది. రామభద్ర లాంటి శీర్షికల ఫాంటు తీసుకుని, సైజు తగ్గించి, రెండు వరుసలు చేయండి. 36 పాయింట్ల ఇంగ్లీషు పెద్దక్షరాలకు వరుసకూ వరుసకూ 36 పాయింట్ల ఎడం చాలు. తెలుగుకు 'ష్ట్ర' లాంటి ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి 48 ఇచ్చి చూడండి, అప్పటికీ తగిలితే పెంచండి.

ఛత్తాబజార్‌లో ప్రెస్సుకు ఫైలు ఇచ్చేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా మార్చండి. వాళ్ల దగ్గర ఆ ఫాంటు లేకపోతే వేరేది వచ్చేస్తుంది. ప్రూఫ్ తెర మీద చూసి సరేననకండి. కార్డు కాగితం మీదే, అసలు సైజులో తీయించి, ముందుగా 'E' మధ్య గీతను, 'థ' చుక్కను చూడండి.

మీ తాతయ్య