టీకా వేసిన షెడ్డులో కొరైజా

తణుకు, అనపర్తి చుట్టుపక్కల లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారాల్లో చలి ముదిరితే ఒక మాట మొదలవుతుంది: "మొహాలు వాచాయండీ." ముక్కు కారుతుంది, కళ్లు మూసుకుపోతాయి, షెడ్డులోకి అడుగు పెట్టగానే కంపు కొడుతుంది. చావులు తక్కువే గానీ గుడ్లు 10 నుంచి 40 శాతం దాకా పడిపోతాయి. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరుల్లో కోళ్లను పూడ్పించిన బర్డ్ ఫ్లూ వైరస్ జబ్బు. ఈ మొహాల వాపు జబ్బు పేరు కొరైజా, ఇది బ్యాక్టీరియా పని. అందుకే పేపర్లకెక్కదు, జమాఖర్చులో మాత్రం కనబడుతుంది.

టీకా వేయించాం కదా, మళ్లీ ఎందుకొచ్చింది? రైతు ముందు అనుమానించేది సీసానే. ఐసుపెట్టె సరిగా లేకపోతే ఆ అనుమానం నిజం కూడా కావచ్చు. కానీ అసలు చిక్కు పాతది.

ఈ క్రిమిని 1930ల మొదట్లో నెదర్లాండ్స్‌లో డి బ్లీక్ వేరుచేశాడు. మహా గారాల క్రిమి ఇది. బతకడానికి కావలసిన ఎన్‌ఏడీ అనే పదార్థాన్ని తానే తయారు చేసుకోలేదు. అందుకని ల్యాబులో పక్కన ఆ పదార్థాన్ని వదిలే స్టాఫిలోకాకస్ అనే మరో బ్యాక్టీరియాను గీతలా పూస్తే, దాన్ని ఆనుకునే మొలుస్తుంది. 1962లో పేజ్ అనే ఆయన దీన్ని ఎ, బి, సి అని మూడు రకాలుగా విడదీశాడు. కథ మలుపు తిరిగింది ఇక్కడే, ఎందుకంటే ఎ రకంతో చేసిన టీకా సి రకాన్ని ఆపదు. బి అసలు రకమే కాదని చాలాకాలం కొట్టిపారేశారు. టీకాల్లో ఎ, సి మాత్రమే ఉండేవి. బి కూడా జబ్బు తెచ్చేదేనని 1990 ప్రాంతంలో తేలాకే మూడూ కలిపే టీకాలకు దారి పడింది. ఈలోగా జపాన్ పరిశోధకుల విభజనతో ఉపరకాలు తొమ్మిదికి చేరాయి.

తేడా ఉన్నది క్రిమి పైపొరలోని హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్‌లో. కోడి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు గురిపెట్టేది దాన్నే. దాని జన్యువులో ఒక భాగం రకానికో తీరుగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఏళ్ల తరబడి టీకాలు వేశాక సి-3 అనే ఉపరకం వాటా పెరిగింది. టీకాకు లొంగినవి తగ్గితే లొంగనివాటికి చోటు దొరికిందని అక్కడివాళ్ల అనుమానం.

మన ఫారాల్లో పుల్లెట్లు (ఇంకా గుడ్లకు రాని పడుచు కోళ్లు) ఒక షెడ్డులో, ముసలి బ్యాచ్ పక్క షెడ్డులో. జబ్బు తగ్గిన కోడి క్రిమిని మోస్తూనే ఉంటుంది, కొత్త బ్యాచ్‌కు అంటిస్తుంది. యాంటీబయాటిక్ నీళ్లలో కలిపితే ముక్కు ఆరుతుంది గానీ క్రిమిని మోయడం ఆగదు. పైగా ఏ రకమో తేల్చడానికి ల్యాబుకు స్వాబ్ (దూదిపుల్లతో తీసిన నమూనా) పంపాలంటే మందు వేయకముందే తీయాలి. మన దగ్గర మొహం వాచిన సాయంత్రానికే మందు ట్యాంకులో పడుతుంది. తర్వాత తీసిన స్వాబులో ఏమీ మొలవకపోవచ్చు.